ఊఁ కొట్టే గిటారు

పెనుబల్లిలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో నా గిటారును స్పీకర్లలోంచి తీసేశారు. నాకు చెప్పకుండా తీసేశారు. నా మోకాలి పక్కన ఉన్న చిన్న ఆంప్లిఫైయర్ నాకు వినిపిస్తూనే ఉంది కాబట్టి, పెనుబల్లి మొత్తానికి వినిపిస్తున్నాననే భ్రమలో కచేరీ అయ్యేదాకా చెమటలు కక్కుతూ వాయించాను. తర్వాత భోజనాల దగ్గర ఒకాయన ఎంతో మర్యాదగా, "సౌండు లేకపోయినా మీరు ఫొటోల కోసం నిలబడతారాండీ?" అని అడిగాడు. అప్పుడు తెలిసింది.

ఇవన్నీ ఇంకా ఎందుకు గుర్తుపెట్టుకుంటావని ఇంట్లో వాళ్ళు అంటారు. ఈ వయసులో అందరికీ మతిమరుపు వస్తుందట, నాకు రాలేదని వాళ్ళ బాధ.

నాకు గిటారు నేర్పిన పుణ్యాత్ముడెవడూ లేడు. టేకులపల్లిలో కాలిపోయిన నీళ్ళ మోటార్లకు రాగి తీగ చుట్టడం నా పని. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయించడం నా రోగం. మా ఆర్కెస్ట్రాలో గిటారంటే పిండి మర. స్విచ్ వేస్తే పాట అయిపోయేదాకా ఆగకూడదు. చేయి ఆగిందంటే మనిషికి ఏదో అయిందని అర్థం. ఆ మర నేను చాలా ఏళ్ళు నమ్మకంగా తిప్పాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎవరూ విననూ లేదు.

ఖమ్మంలో సందుకొక ఇంటర్నెట్ షాపు పుట్టుకొచ్చిన రోజులవి. రాగి తీగ కొనడానికి వెళ్ళినప్పుడల్లా ఒక షాపులో కూర్చునేవాణ్ణి. గిటారు వినాలని అడిగితే షాపతను ఏదో నొక్కి, జాజ్ అనే సంగీతం పెట్టి, హెడ్‌ఫోన్ చేతికిచ్చాడు. దానికి కుడి చెవి పనిచేయదు. మార్చమంటే, "పాటే కద సార్, ఒక్క చెవి సరిపోదా?" అన్నాడు. సంగీతజ్ఞానం అంటే అదీ.

తెర మీద ఒక రికార్డు అట్ట బొమ్మ తప్ప మనుషులు లేరు. ఎడమ చెవిలో ఒక గిటారు, దాని కింద లావు తీగల బేస్. ఆ గిటారాయన ఒక ముక్క అంటాడు, ఊరుకుంటాడు. రెండు ముక్కలు అంటాడు, మళ్ళీ చాలాసేపు ఊరుకుంటాడు. పాట మొత్తం అంతే. ఆహా, ఎంత పొదుపరి, ఎంత నిబ్బరం అనుకున్నాను. వెళ్ళినప్పుడల్లా అదే సీటు, అదే ఒంటి చెవి. ఆ సందులతో సహా పాటంతా బట్టీ పట్టి ఇంట్లో వాయించాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఏంది, కరెంటు పోయి పోయి వస్తున్నట్టు వాయిస్తున్నవ్?" అంది. గొప్ప కళను ఇల్లు ఎప్పుడు గుర్తించింది గనక?

ఒకసారి నా సీటులో ఎవరో కుర్రాడు పరీక్షా ఫలితాలు చూసుకుంటుంటే నన్ను వేరే సిస్టమ్ దగ్గర కూర్చోబెట్టారు. అదే పాట పెట్టించుకున్నాను. కుడి చెవిలోంచి ఒక శాక్సోఫోన్ అరుచుకుంటూ వచ్చి మీద పడింది. ఎవడండీ వీడు, నా పాటలోకి చొరబడ్డాడు అని నిజంగానే కోపం వచ్చింది. తర్వాత మెల్లగా అర్థమైంది. పాట ఆ శాక్సోఫోన్ ఆయనది. నేను ఇన్ని నెలలు నెత్తిన పెట్టుకున్నది ఆ పాటకు ఊఁ కొట్టడం మాత్రమే.

కథ చెప్పేవాడికి ఎదురుగా ఒకడు ఊఁ కొడుతుంటాడు చూడండి, అదీ. దాన్ని జాజ్ వాళ్ళు కాంపింగ్ అంటారట. మాటకు ముందే ఊఁ అంటే తొందర, మాట మీద అంటే మొరటు, అసలు అనకపోతే కథ చెప్పేవాడు లేచి పోతాడు. ఆ తర్వాత ఎందరెందరో గిటారు వాళ్ళను ఆ చెవితోనే విన్నాను. ఒకాయన ఆరు తీగల్లో మూడే ముట్టుకుంటాడు. కింది స్వరం బేస్ వాడు ఎలాగూ వాయిస్తున్నాడు, మళ్ళీ నేనెందుకు అని వదిలేస్తాడు. ఇంకొకాయన తాళం పడబోయే ముందు చిన్నగా తట్టి, తాళం పడ్డాక నోరు మూసుకుంటాడు. నోరు మూసుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యేనని నాకు అరవై దాటాక తెలిసింది.

తెలిసినదాన్ని ఊరుకోకుండా ఆర్కెస్ట్రాలోకి తీసుకెళ్ళాను. ఇల్లందు నుంచి వచ్చే మా గాయని వెనక ఊఁ కొట్టడం మొదలుపెట్టాను. నేను ఆగినప్పుడల్లా ఏన్కూరు సౌండ్ సర్వీసు అతను పరిగెత్తుకొచ్చి నా వైరు కదిపేవాడు. "తాతా, లూజున్నట్టుంది." లూజు లేదురా నాయనా, సంగీతం అని చెప్పినా వినడు, టేపు చుట్టి పోతాడు. కీబోర్డు వాయించే మా లీడరైతే నేను ఖాళీ వదిలిన ప్రతిచోటా గబగబా పది వేళ్ళూ కుక్కేవాడు, గోడలో కన్నం కనపడితే సిమెంటు కొట్టే మేస్త్రీలా.

పెనుబల్లి జరిగాక నేను అడిగింది ఒకటే, తీయమన్నది ఎవరు? సంగీతం తెలిసినవాళ్ళా, తెలియనివాళ్ళా అన్నదాంట్లోనే నాకు కావలసిన జవాబంతా ఉంది. నేను నేర్చుకున్నది విద్యా, లేక ముసలితనపు చాదస్తమా? సౌండ్ అతను, "నన్నడుగుతవేంది తాతా, మీ స్టేజీ మీదోళ్ళే చెప్పిన్రు" అన్నాడు. లీడర్, "గదంత ఇప్పుడెందుకు పెద్దాయనా, పాల్వంచ ప్రోగ్రాముకు తెల్ల చొక్కా వేస్కరా" అన్నాడు. చొక్కా వేసుకోలేదు, వెళ్ళనూ లేదు. జవాబు వచ్చేదాకా రానని కబురు పెట్టాను. వాళ్ళు ఎంత తల్లడిల్లారంటే, ఒక్కరూ మళ్ళీ కబురు పెట్టలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం మా గాయని కాలిపోయిన మిక్సీ సంచిలో పెట్టుకుని నా షాపుకు వచ్చింది. మిక్సీ ముట్టుకోకుండానే అడిగాను.

"పెనుబల్లిలో నన్ను తీసేయమన్నది ఎవరు బిడ్డా?"

"నేనే" అంది, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

నేననుమానించని మనిషి ఆమె ఒక్కతే.

"పెళ్ళికూతురి మేనమామ స్టేజీ ఎక్కి వచ్చిండు బాబాయ్. 'ఆయనగారు ఆగి ఆగి వాయిస్తున్నారేంటండీ, మేమంటే అంత అలుసా, దింపేయండి' అన్నడు. మనిషిని దింపుడు బాగుండదని సౌండు దింపమన్న."

"ఎంత మర్యాద చేశావమ్మా. దండ కూడా వేయకపోయావా? చెప్పకుండా అంతసేపు నన్ను ఎవరి కోసం వాయించనిచ్చినట్టు?"

ఆమె మిక్సీని నా ముందుకు జరిపి, ఇలా అంది.

"చెప్తే స్టేజీ మీదనే కొట్లాడేటోనివి. నాకు వినపడనీకి కాళ్ళకాడ చిన్న బాక్సు పెడ్తరు చూడు, అండ్ల కీబోర్డు తీసేయించి నిన్నొక్కన్నే పెట్టించుకున్న. బయటోళ్ళ సంగతి నీకెందుకు? నువ్వు ఆగిన కాడనే నాకు పాడనీకి జాగ దొరుకుతది. పాల్వంచల నువ్వు లేక నా పాట పాడైంది. ఐతారం ప్రోగ్రాముకు జల్దీ రా, వచ్చేటప్పుడు ఈ మిక్సీ తీస్కరా."