మెట్ల మీద ఇనుప మరక

ఆవిడకి బకెట్టక్క అని పేరు పెట్టింది ఈత నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు. పెట్టరా మరి? ఊళ్ళో క్లబ్బు ఈతకొలను శుభ్రం చూసే పని ఆవిడ చేతికొచ్చి పంతొమ్మిదేళ్ళు. కొత్త నీళ్ళు ఎప్పుడొచ్చినా ముందు తెల్ల ప్లాస్టిక్ బకెట్టులో పట్టి, చిటికెడు క్లోరిన్ పొడి వేసి, తీరిగ్గా టీ తాగి వచ్చి చూసేది. రంగు తిరగకపోతేనే కొలనులోకి గొట్టం పెట్టేది. తిరిగిందా, ఎవరెంత మొత్తుకున్నా ఆ నీళ్ళు మొక్కలకే.

ఈ అలవాటు ఊరికే రాలేదు. చేరిన మొదటి ఏడు నీళ్ళు పచ్చబడితే, పాచి అనుకుని ఆవిడే క్లోరిన్ కుమ్మరించింది. వేసినకొద్దీ ముదిరి టీ రంగుకొచ్చాయి. పంపులు బిగించే ముసలి మెకానిక్ వచ్చి చూసి, ఇది పాచి కాదమ్మా, నీళ్ళలో కరిగిన ఇనుము, మామూలుగా కంటికి కనపడదు, క్లోరిన్ తగిలితే తుప్పై బయటపడుతుంది అని చెప్పాడు. ఆవిడ తిన్నగా క్లబ్బు కమిటీ ముందుకెళ్ళి తప్పు నాదే అంది. మళ్ళీ ఆ తప్పు చెయ్యలేదు. ఆవిడ రోషమంతా అక్కడే ఉంది.

ఈసారి చెల్లెలికి ఆపరేషనైతే నాలుగు రోజులు సెలవు పెట్టింది. సరిగ్గా అప్పుడే క్లబ్బు సెక్రటరీకి తొందర పుట్టుకొచ్చింది. ఆదివారం ఈత పోటీలు. పగుళ్ళు పూడ్చడానికి ఖాళీ చేసిన కొలనుని కొత్త బోరు నీళ్ళతో నింపించాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. వాచ్‌మన్ బకెట్టు సంగతి గుర్తుచేస్తే, ఆవిడ మంత్రాలు ఆవిడొచ్చాక చూద్దాం అన్నాడట. క్లోరిన్ వేయించాడు. గంటలో నీళ్ళు పచ్చబడ్డాయి. కొంప మునిగినట్టు కంగారుపడి రెట్టింపు వేయించాడు. మర్నాటికి మెట్లూ గోడలూ గోధుమరంగు మరకలతో నిండిపోయాయి.

మనిషన్నాక తప్పు చేస్తాడు, దానికేం. చేసినవాడు పక్కవాళ్ళ నెత్తిన రుద్దితేనే ఒళ్ళు మండుతుంది. ఆవిడ తిరిగొచ్చేసరికి సెక్రటరీ బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. "నా నిర్లక్ష్యం వల్ల మెట్లకు పాచి పట్టినది" అని రాసుంది. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే రేపే ఆఖరు రోజు అన్నాడు. ఈతకొచ్చే వాళ్ళందరికీ అప్పటికే అదే మాట చెప్పేశాడు కూడా.

ఇంటికొస్తే కూతురిదీ అదే పాట. ఆ పిల్ల అదే కొలనులో చిన్నపిల్లలకి ఈత నేర్పుతోంది. అమ్మ మొండికేస్తే రేపు తనమీదికీ వస్తుందని దాని భయం. "ఒక్క సంతకమేగా అమ్మా. పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది" అంది, గిన్నెలు తుడుస్తూ.

"నేను తోమకుండా వదిలేసిన మెట్టు ఒక్కటి చూపించమను. అప్పుడు పెడతాను" అంది బకెట్టక్క. ఆవిడకి భయం లేదనుకునేరు. అయినా సంతకం మాత్రం పెట్టదలచుకోలేదు.

పొద్దున్నే కొలను దగ్గర జనం పోగయ్యారు. పోటీలుంటాయా లేవా అని అడుగుతున్నారు. కమిటీ పెద్ద డాక్టరమ్మ కూడా వచ్చింది. బకెట్టక్క ఆవిణ్ణి రెండో మెట్టు దగ్గరికి పిలిచింది. విటమిన్ సి బిళ్ళలు నాలుగు నలగ్గొట్టి, పాత మేజోడులో మూటకట్టి, మరక మీద అరనిమిషం అదిమిపట్టింది. తీసి చూస్తే అంతమేరా తెల్లటి టైలు బయటపడింది. పాచైతే ఇలా పోదమ్మా, ఇనుమే పోతుంది అంది.

ఇనుమైతే కావచ్చు, ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరు చూశారు అని సెక్రటరీ ఒంటికాలి మీద లేచాడు. డాక్టరమ్మ వాచ్‌మన్ చేత బకెట్టులో బోరు నీళ్ళు పట్టించి, తనే క్లోరిన్ వేసింది. టీకి వెళ్ళేంత వ్యవధి కూడా ఇవ్వలేదు ఆ నీళ్ళు, కళ్ళముందే రంగు తిరిగాయి.

అప్పుడు సెక్రటరీ నీళ్ళు నమిలాడు. పోనీ, ఎవరి పేరూ లేకుండా అనుకోకుండా జరిగిందని రాసేసుకుందాం, నువ్వు పని మొదలుపెట్టు అన్నాడు. కూతురు వెనకనించి మోచెయ్యి గిల్లింది, ఒప్పుకోమని.

"అనుకోకుండా ఏం కాదు సార్. వాచ్‌మన్ గుర్తుచేసినా వినకుండా మీరే పోయించారు. అది రాయండి. రాసేదాకా నేను బ్రష్షు ముట్టను."

ఇంకొకర్ని పిలిపిస్తానన్నాడు. పిలిపించండి, వాళ్ళూ వచ్చి ముందు క్లోరినే పోస్తారు, మరకలు ఇంకా ముదురుతాయి అంది. క్లోరిన్ బాగా తగ్గనివ్వాలి, విటమిన్ పొడి చల్లాలి, కరిగిన ఇనుము మళ్ళీ అంటుకోకుండా మందు కలపాలి, ఆ తర్వాతే కొంచెం కొంచెంగా క్లోరిన్. ఎంత లేదన్నా వారం పని. పోటీలు వాయిదా వెయ్యాల్సిందే అని కూడా ఆ నోటితోనే చెప్పేసింది. జనంలో గొణుగుడు మొదలైంది. ఆవిడ మాత్రం మెట్టు దిగలేదు.

డాక్టరమ్మ తన పెన్ను తీసి సెక్రటరీ చేతికిచ్చింది. అతను ముఖం మాడ్చుకుని, బోరు నీళ్ళు పరీక్షించకుండా పోయించింది తనేననీ, క్లోరిన్ వేయించింది తనేననీ, ఆవిడ తప్పేమీ లేదనీ రాసి సంతకం పెట్టాడు. బకెట్టక్క ఆ కాగితం కూతురి చేతిలో పెట్టి, అందరికీ చదివి వినిపించమంది.

ఆ పిల్ల తలొంచుకుని, పక్కనున్న వాళ్ళకే వినపడీ వినపడనట్టు చదివేసి మడతపెట్టబోయింది.

"మడవకు. తలెత్తి మళ్ళీ చదువు" అంది తల్లి. "ఆ చివరి వాళ్ళకి వినపడలేదు."