తలుపు దగ్గరి కుర్చీ

బోధన్‌లో మా మనవరాలి బడికి ప్రతి మంగళవారం నిజామాబాద్ బస్సులో ఒక కౌన్సెలింగ్ మేడం వచ్చేది. పిల్లల మనసులో బాధ ఉంటే వినడం ఆమె పని. లైబ్రరీ గదిలో తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ పిల్లలకే ఇచ్చి, తాను బీరువా పక్కన మూలకు కూర్చునేది.

తండ్రి పోయినప్పటి నుంచి ఏడో తరగతి చదివే మా పిల్ల నోరు విప్పడం మానేసింది. పాఠం మధ్యలో లేచి బయటికి పరుగెత్తేది. "గిట్లయితే టీసీ తీస్కపోండ్రి" అని హెడ్మాస్టరు చెప్పేశాడు.

మొదటి మంగళవారం నేనూ పక్కన కూర్చున్నాను. పిల్ల కాసేపుండి లేచి వెళ్లిపోయింది. "మంచిది బిడ్డా, మళ్ల రా" అందామె. మరుసటి వారమూ అంతే. లెక్కల టీచరుగా పనిచేసిన దాన్ని, నాకు ఒళ్లు మండింది.

"తలుపేసి కూసోబెట్టరాదు?"

"కూసుంటది అవ్వా. మాట్లాడది."

ఆ తర్వాతి వారం పిల్ల మళ్లీ లేచింది. తలుపు దాకా వెళ్లి నావైపు తిరిగింది.

"అవ్వా, నువ్వు బయట కూసో."

ఎన్నాళ్లకో విన్న గొంతు! నేను బయటికి రాగానే తలుపు తనే వేసుకుంది.

గంట కొట్టాక ఇద్దరూ బయటికి వచ్చారు. పిల్ల తన తరగతి వైపు నడిచింది. "ఏం చెప్పింది?" అని మేడంను ఆత్రంగా అడిగాను.

"అది పాప చెప్తెనే అవ్వా. నేను చెప్పొద్దు."

జవాబు సరిచూడకుండా ఏ లెక్కనూ వదలని నేను, ఆమె ముఖంలోకి చూసి మరి అడగలేకపోయాను. అప్పుడే వరండా చివర, ఏడో తరగతి గుమ్మం దగ్గర, మా పిల్ల గొంతు వినబడింది.

"మే ఐ కమిన్ సార్?"