అద్దం తలుపుల ముందు వసారా

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఆ గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాటు ఆర్కిటెక్టుగా నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఇంటాయన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో క్వార్టర్లు మారి మారి అప్పుడే రిటైరయ్యారు. భార్యాభర్తలిద్దరిదీ గుంటూరు వైపు. నేను కాకినాడ పిల్లనని తెలిసి పని నాకే ఇచ్చారు. హాలు వెనక చిన్న పెరడు, దాన్ని ఆనుకుని సొసైటీలో అందరూ నడిచే దారి. హాలుకీ పెరటికీ మధ్య ఇటుక గోడ.

"ఆ గోడ తీసేయమ్మా. హాల్లో కూర్చుంటే తోటలో ఉన్నట్టుండాలి," అన్నారు అంకుల్.

ఆంటీకి ఏం కావాలో నేను అడగలేదు.

సొసైటీ అనుమతి తీసుకుని గోడ తీయించాను. ఆ చోట ఈ చివర నుంచి ఆ చివరకు మడిచే అద్దం తలుపులు పెట్టించి, హాల్లో వేసిన రాయే పెరట్లోకీ పరిపించాను. పని పూర్తయ్యేసరికి ఫిబ్రవరి. ఢిల్లీలో ఏ ఇల్లయినా బాగుండే నెల. తలుపులన్నీ తీసి చూసుకున్న రోజు నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు.

మే నెలలో ఫొటోలు తీసుకుందామని వెళ్ళాను. అద్దాల నిండా పాత దుప్పట్లు వేలాడుతున్నాయి. మధ్యాహ్నం మూడింటికి హాల్లో ట్యూబులైటు వెలుగుతోంది.

"ఏం చెయ్యనమ్మాయ్, ఎండకి సోఫా ముట్టుకుంటే కాలిపోతోంది. పైగా వాకింగుకొచ్చిన ప్రతివాళ్ళూ మనం ఏం కూర తింటున్నామో చూసి పోతున్నారు," అన్నారు ఆంటీ. ఆ గొంతులో కోపం లేదు. అన్నాళ్ళూ ఫోనులో "బ్రహ్మాండంగా ఉందమ్మా" అని చెబుతూ వచ్చిన అంకుల్ పేపరు పైకెత్తి మొహం దాచుకున్నారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. వెళ్ళిపోతానంటే ఆవిడ వినలేదు. మజ్జిగ చేతికిచ్చి, ఎండ తగ్గాక వెళ్దువుగానిలే అని కూర్చోబెట్టారు.

ఎండ వాలగానే ఆవిడ గోంగూర కట్ట తీసుకుని వంటింటి వెనక గుమ్మంలో గడప మీదే కూర్చున్నారు. కాళ్ళు పెరట్లో, వీపు వంటింట్లో.

"గడప మీద కూర్చోకూడదంటారు. మా అత్తగారు చూస్తే తిట్టేవారు. ఏం చేస్తాం, ఇంట్లో గాలి ఆడేది ఇక్కడే!"

దారిన పోతున్న పక్క బ్లాకు ఆవిడ ఆగి, "దీదీ, యే కౌన్‌సా సాగ్ హై?" అని ఆ ఆకుకూర పేరు అడిగింది. గోంగూరని హిందీలో ఏమంటారో తెలియక ఆంటీ ఒక ఆకు తుంచి నమలమని ఇచ్చారు. పులుపుకి ఆమె కళ్ళు మూసుకుపోయాయి. ఇద్దరూ విరగబడి నవ్వారు. ఆంటీకి మనుషులంటే ఇష్టమే. తను పలకరించాలనుకున్నప్పుడు పలకరించాలి, అంతే.

చెప్పులు వేసుకున్నదాన్ని విప్పేసి మళ్ళీ లోపలికొచ్చాను. "ఆంటీ, ఇంకొక్క అవకాశమివ్వండి. ఈసారి మీరు చెప్పండి, నేను గీస్తాను."

"నాకు మీ గీతలు తెలీవు. నీడ కావాలి. కూర్చోడానికి చోటు కావాలి."

అదే గీశాను. అద్దాల ముందు ఆరడుగుల వసారా, దారి వైపు చిల్లుల ఇటుకల గోడ, దాని వెంట మోకాలెత్తు అరుగు. అరుగు కొసన మాత్రం గోడ ఆపేశాను, దారిన పోయేవాళ్ళతో మాటలకి. కప్పు పడిన వారానికే ఆంటీ దుప్పట్లు విప్పి ఉతికి లోపల పెట్టేశారు.

జనవరిలో ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. నవంబరంతా పొగకి తలుపులు బిగించుకునే ఉన్నారట. ఆ రోజు మాత్రం బార్లా తీసి ఉన్నాయి. వాలుగా వచ్చే చలికాలపు ఎండ కప్పు కిందుగా దూరి హాలు సగం దాకా పాకింది. అది నేను లెక్కవేసి వదిలిన దారే. అయినా కళ్ళారా చూస్తే కొత్తగానే ఉంది. అంకుల్ అరుగు మీద మఫ్లరుతో సహా నిద్రపోతున్నారు. పక్క బ్లాకు ఆవిడ తెచ్చిన కిన్నూ కమలాలు ఒలుస్తూ ఆంటీ ఆమెకి గోంగూర పచ్చడి చెప్తున్నారు, సగం హిందీలో, సగం చేతులతో.

నాకు సాయంత్రం ఢిల్లీ ద్వారకలో సైటు చూసే పనుంది. ఫోను చేసి రేపొస్తానని చెప్పి, ఎండలోకి కాళ్ళు చాపుకున్నాను.