గాలి మోటారెక్కే ముందు నాన్న తిన్న ముద్ద

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళయినా నిండకముందే, మా అమ్మ పోయింది. ఇంట్లో మిగిలింది కొట్టు చూసుకునే నాన్న, కళ్ళు సరిగా కనపడని నాయనమ్మ. ఆడపిల్లని ఎవరు పెంచుతారని పెద్దలంతా తర్జనభర్జన పడి, మద్రాసులో ఉండే పెద్దమ్మకి నన్ను ఇచ్చేద్దామన్నారు. నన్నెవరూ అడగలేదు. పెదనాన్న గాలి మోటారులో తీసుకెళతానని కబురంపితే, జగ్గయ్యపేటలో మా వీధి వీధంతా నన్ను చూడటానికొచ్చి అదృష్టవంతురాలివే అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా ఇంట్లో పైవాళ్ళ చేతి వంట ముట్టేవాళ్ళం కాదు. మా నాన్నయితే మరీను. సరుకు కోసం బెజవాడ వెళ్ళినప్పుడు కట్టుకెళ్ళిన పులిహోర అయిపోతే ఇక పస్తే. అలాంటిది ఆ రోజు నాయనమ్మ మాకేమీ కట్టివ్వలేదు. గాలిలో ఎగిరేవాళ్ళు ఖాళీ కడుపుతో ఉండాలనీ, లేకపోతే పేగులు తిరగబడతాయనీ ఆవిడకి ఏ మహానుభావుడు చెప్పాడో! గ్లాసెడు పాలు తాగించి, గన్నవరం దాకా దింపటానికొస్తున్న నాన్నతో బస్సెక్కించింది. నందిగామలో బస్సు ఆగితే హోటల్లోంచి ఇడ్లీల వాసన. నాన్న నా వంక చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

గన్నవరం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. విమానాశ్రయమంటే ఇప్పటిలా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, నాలుగు బెంచీలు, కనుచూపు మేర గడ్డి. పెదనాన్న అప్పటికే వచ్చి కాగితాల హడావిడిలో ఉన్నాడు. విమానానికి ఇంకా రెండు గంటలుందట. ఆకలికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నాన్న నన్ను వెంటబెట్టుకుని అన్నం దొరికే చోటు కోసం తిరిగాడు. ఒక్క హోటలూ లేదు. చివరికి కంచె పక్కన పాకలో కాపలాదారు భార్య అన్నం వారుస్తూ కనిపించింది.

నాన్న అడగలేక గుమ్మం ముందు తటపటాయించాడు. ఆవిడే పలకరించింది. "పాప మొహం వాడిపోయిందండి. వేడన్నం, గోంగూర పచ్చడి ఉంది. మీరు తింటారో తినరో గానీ, బిడ్డకన్నా పెట్టనివ్వండి."

నేను నాన్న వెనక నక్కి, "నాకొద్దు, ఇంటికెళ్ళి తింటా" అన్నాను. ఇల్లెక్కడుంది ఇక? ఆ మాట విని నాన్న చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, లోపల నేలమీద కూర్చున్నాడు.

"నాక్కూడా పెట్టమ్మా" అన్నాడు.

ఆకులో అన్నం కలిపి మొదటి ముద్ద తనే నోట్లో పెట్టుకున్నాడు. అది గొంతు దిగటానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్ద నా వైపు చాపి, "ఇక్కణ్ణించి నీకు పెట్టేవాళ్ళంతా కొత్తవాళ్ళేనే తల్లీ. వద్దంటే ఎట్లా బతుకుతావు? నేను తిన్నాగా, తిను" అన్నాడు. అమ్మ పోయినప్పుడు కూడా మా నాన్న ఏడవటం చూడలేదు. అప్పుడు చూశాను.

పచ్చట్లో ఉప్పు ఎక్కువైంది. అయినా మెతుకు మిగల్చలేదు.

ఆ సాయంత్రం మద్రాసులో, అంతకుముందు రెండుసార్లే చూసిన పెద్దమ్మ వడ్డించిన కంచం ముందు కూర్చుని మారు మాట్లాడకుండా తిన్నాను. నాన్న పక్కన లేడన్న దిగులు మాత్రం తీరలేదు. ఈ వయసులోనూ తీరలేదు.

మా ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా, కోడలైనా, పనికి చేరిన పిల్లయినా, వడ్డించి ఊరుకోను. పక్కనే చతికిలబడి మొదటి ముద్ద నేనే తింటాను. అత్తయ్యగారికి ఆకలి ఆగదని మా కోడళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ కొత్తపిల్ల చెయ్యి కంచంలోకి వెళ్ళేదాకా నాకు రెండో ముద్ద దిగదు.