అవ్వ నమిలిన పెళ్లి

ఒక పెళ్లి పెళ్లంతా, తాళిబొట్టు, తలంబ్రాలు, మేళగాళ్లతో సహా ఒక ముసలమ్మ నోట్లోకి వెళ్లిపోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, పళ్లెంలో పెట్టి మరీ ఆ నోటిదాకా పంపిన మహానుభావుణ్ణి నేనే. ఆ ఘనకార్యం చెబుతాను, నవ్వుకోండి. హోసూరుకూ బాగలూరుకూ మధ్య నవ్వనివాళ్లు ఎలాగూ మిగల్లేదు.

అప్పట్లో హోసూరులో నాకొక చిన్న వీడియో కొట్టు ఉండేది. టేపు కెమెరా భుజాన వేసుకుని మండపంలో అడుగు పెడితే, ఉత్సవ విగ్రహం వస్తున్నట్టు జనం దారి ఇచ్చేవాళ్లు. దానికి తోడు నేనొక ఆచారం కనిపెట్టాను. తాళి, తలంబ్రాలు కాగానే టేపు బయటికి తీసి, పళ్లెంలో వక్కాకు, పసుపు, కుంకుమల పక్కన పెట్టి పెళ్లికూతురి తండ్రికి అందించేవాణ్ణి. ఆయన కళ్లకద్దుకుని, "జాగర్తప్పా" అంటూ మళ్లీ నాకే ఇచ్చేవాడు. ఏ శాస్త్రంలోనూ లేదు గానీ, ఆ ఒక్క నిమిషం పురోహితుడి తరవాత మర్యాదంతా నాదే.

టేపులు దొరకడం కష్టమయ్యాక, టేపుకు బదులు చిన్న కార్డు పెట్టుకునే ఫ్లాష్ మెమరీ కెమెరా కొన్నాను. అరచేతిలో ఇమిడిపోయేది. అమ్మినాయన దాంతోపాటు ఒక పుస్తకం ఇచ్చి, "ఒకసారి చదువన్నా" అన్నాడు. తాతకు దగ్గులు నేర్పుతాడా అనుకుని ఆ పుస్తకాన్ని కొట్లో కుంటి స్టూలు కింద పెట్టాను. స్టూలు కుదురుగా నిలబడింది. ఈ తాతకు దగ్గడం రాదన్న సంగతి మాత్రం బాగలూరులో బయటపడింది.

బాగలూరులో పూలతోట మునియప్పకు లక్ష్మి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల పెళ్లికే కొత్త కెమెరాతో వెళ్లాను. మండపమంతా ఆయన తోట గులాబీలే. దారి ఇవ్వడం మాట దేవుడెరుగు, కెమెరా పట్టుకుని నిలబడ్డ నన్నే ఒకాయన, "వీడియో తీసేటాయప్ప ఇంకా రాలేదా?" అని అడిగాడు. కడుపు మండింది. సరే, తాంబూలం వేళకు చూపిస్తాను నా తడాఖా అనుకున్నాను.

తాళి పడింది, తలంబ్రాలూ అయ్యాయి. కెమెరాలోంచి కార్డు తీశాను. టేపు తీసిన కెమెరా అంటే ప్రాణంలేని డబ్బా అని అలవాటు కదా, దాన్ని అలాగే స్టాండు మీద వదిలేశాను. నల్లటి గోరంత కార్డును తమలపాకు మీద పెట్టి పళ్లెం అందించాను.

"ఇదేందప్పా? టేపు యాడ?" అన్నాడు మునియప్ప.

"ఇదేనన్నా. కాలం మారిపోయింది. నీ కూతురి పెండ్లంతా దీంట్లోనే ఉండాది."

"అబ్బా! ఇంతదాంట్లోనా!"

ఆయన కళ్లకద్దుకున్నాడు. నాకిస్తాడనుకుంటే, పెద్దల్ని మరవని మనిషి, పళ్లెం తీసుకుపోయి పక్కన కూర్చున్న వాళ్ల అమ్మ ముందు పెట్టాడు. నేనా సమయంలో మగపెళ్లివారికి కొత్త కెమెరా గొప్పలు చెప్పుకుంటున్నాను. తిరిగి చూసేసరికి పళ్లెంలో పసుపు ఉంది, కుంకుమ ఉంది, ఆకు లేదు.

"అన్నా, కార్డు యాడ?"

"అమ్మకిచ్చినాను కదప్పా."

అవ్వకు చూపు అంతంతమాత్రం. ఆకుకు సున్నం రాసి, మడిచి, అప్పటికే దవడన పెట్టేసింది. "ఏం వక్కరా ఇది మునియప్పా? నలగనే నలగదే!"

నా గుండె జారి చెప్పుల్లో పడింది. "అవ్వా, అది వక్క కాదు, ఉమ్మెయ్యి!"

"పెండ్లి తాంబూలం ఎవరన్నా ఉమ్ముతారా? అపశకునం," అని అవ్వ నోరు గట్టిగా మూసుకుంది.

మోకాళ్ల మీద కూలబడి, ఆమె గడ్డం కింద దోసిలి పట్టాను. మునియప్ప బతిమాలాడు. పురోహితుడు, "తప్పులేదమ్మా, ఉమ్ము" అని హామీ ఇచ్చాడు. ఆఖరికి పెళ్లికూతురు పీటల మీద నుంచి లేచి వచ్చింది.

"అవ్వా, నా పెండ్లి నీ నోట్లో ఉండాదే!"

"ఉండనీ తల్లీ. ఈ పెండ్లిని కుదిర్చిన నోరే కదా ఇది."

లక్ష్మి ఏడుపందుకుంది. అప్పుడు కరిగింది అవ్వ. నా దోసిట్లో ఎర్రగా పడింది పెళ్లి, రెండు ముక్కలుగా. ఉన్నవి నాలుగు పళ్లే గానీ, ఏం పళ్లండీ అవి!

మునియప్ప తల పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంకోసారి తాళి..." అని నేను నసిగితే పురోహితుడు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. ఒక్క బిడ్డ, ఒక్క పెళ్లి, దాన్ని పోగొట్టినవాణ్ణి నేను. నిజంగానే ఏడ్చాను.

లక్ష్మి ముక్కు తుడుచుకుంటూ స్టాండు వైపు చూసింది. "అన్నా, పెండ్లి పోయిందంటావు. మరి ఆ ఎర్ర లైటు ఏల వెలగతా ఉండాది?"

కెమెరా అమ్మినాయనకు ఫోన్ కొట్టాను.

"కార్డు లేకపోయినా తీస్తాదన్నా. మెమరీ లోపలే ఉండాది. కార్డులోకి పోవాలంటే మనం సెట్టింగు మార్చుకోవాల. పుస్తకం చదవలేదా?"

అంటే అవ్వ నమిలింది ఉత్త ఖాళీ కార్డు! ఆ బుల్లి తెర చుట్టూ ఊరంతా మూగింది. తాళి ఉంది, తలంబ్రాలు ఉన్నాయి, లక్ష్మి నవ్వు ఉంది. మునియప్ప నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. నా సంతోషం చెప్పనలవి కాదు. అయితే వీడియో అక్కడితో ఆగలేదు. తరవాత వచ్చింది, నట్టనడుమ, పెద్ద బొమ్మగా, అవ్వ గడ్డం కింద దోసిలి పట్టి ముక్కు ఎగబీలుస్తున్న నేను.

"ఆ ముక్క కోసేస్తానులే అన్నా," అన్నాను మునియప్పతో.

"కోసినావో, చూడు! తాళి కట్టేది అందరి పెండ్లిలోనూ ఉంటాది. ఇది యాడ దొరకతాదప్పా?"

ఇప్పటికీ వాళ్లింటికి చుట్టాలొస్తే ఆ వీడియో పెడతారు. తాళి, తలంబ్రాలు పరుగెత్తించేసి నా దగ్గర ఆపుతారు. అవ్వయితే, "మళ్లీ పెట్టండ్రా, ఉమ్మేది సరిగా చూడలేదు" అంటుంది.

కనుక సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా టెంకాయ కంటే చిన్న వస్తువును తాంబూలంలో పెట్టను. ఆ టెంకాయనైనా, ఇంట్లో పెద్దవాళ్ల నోళ్లు తెరిపించి, పళ్లు చూసుకునే పెడతాను.