పాతది లోపల పాతది

నేను బీసీఏ పాసయ్యాను! మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. దంతెవాడ బస్టాండులో ఫోన్‌లో ఫలితం చూసి గట్టిగా నవ్వేశాను. అంతలో ఖనిజం లారీ పక్కనుంచి పోయి నోటినిండా ఎర్రదుమ్ము కొట్టింది. ఇనుప రుచి. అప్పలరాజు మాస్టారి గదిలో రోజూ నాలుకకు తగిలిన రుచి అది.

ఆయన రైల్వేలో రిటైరయ్యాక సొంతూరు విజయనగరం వెళ్లకుండా ఇనుప గనులున్న కిరండూల్‌లోనే కంప్యూటర్ నేర్పేవారు. గొల్లపల్లి నుంచి వచ్చిన నాకు మౌసు పట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు. కంప్యూటర్ మార్చినప్పుడల్లా పాత డిస్కు మొత్తాన్ని కొత్తదాంట్లో ‘పాతది’ అనే ఫోల్డర్‌లో పడేయడం ఆయన అలవాటు. పాతది లోపల పాతది, దాని లోపల ఇంకో పాతది. ఆ అడుగున ఎక్కడో ఆయన భార్య సత్యవతిగారి గొంతు ఉంది. పురిటిలో ఉండి రాలేకపోయిన కూతురు లక్ష్మి కోసం, చనిపోయేముందు ఆసుపత్రి మంచం మీంచి ఆవిడ చెబితే రికార్డు చేసిన మాటలు. లక్ష్మి ఫోన్ చేసిన ప్రతిసారీ వాటినే అడిగేది.

వెతకడానికి నాతో పైథాన్‌లో ప్రోగ్రాం రాయించారు. “ఫోల్డరు కనబడితే లోపలికెళ్లమను. అక్కడా ఇదే పని సెయ్యమను. ఇంకేటీ నేకపోతే ఎనక్కి రమ్మను,” అన్నారు.

“రాకపోతే ఏంది మాస్టారూ?”

“లోపలే ఉండిపోద్దమ్మా. మడుసులూ అంతే.”

తెర మీద పేర్లు పరుగెత్తాయి. వాటిలో ‘సత్యవతి మాట’ కనబడగానే ఆయన లక్ష్మికి ఫోన్ చేసి, అమ్మ గొంతు దొరికిందని, పంపుతానని చెప్పేశారు. ఆ తర్వాతే ఫైలు తెరిచాం. మోగలేదు. సైజు సున్నా. ఏదో ఒక కాపీ మధ్యలో కరెంటు పోయి ఉంటుంది. పేరు చేరింది, గొంతు చేరలేదు.

ఆ సంగతి ఆయన లక్ష్మికి చెప్పలేకపోయారు. రోజూ అదే ప్రోగ్రాం నడిపేవారు. అదే పేరు వచ్చేది. ఇక ఆపమని ఒకసారి బతిమాలాను. “పేరైతే ఉంది గదమ్మా,” అన్నారు, తెర మీంచి చూపు తిప్పకుండా. మొన్నటి వానల్లో ఆ కుర్చీలోనే పోయారు. తర్వాత డిస్కంతా నేనూ వెతికాను. ఏమీ లేదు. ఆ సంగతి లక్ష్మికి నేనూ చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడ ఫైళ్ల జాబితా తీసినా, పేరు పక్కన సైజు కూడా రాయించందే నాకు చేయి ఆడదు.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు: నాన్న, గొల్లపల్లి కిరాణా కొట్టుకు చేసి పిలిపించాలి. హాస్టల్ వార్డెన్ దీదీ. గీదంలో అత్త. విజయనగరంలో లక్ష్మక్క. ఆమె ముందు సంతోషిస్తుంది, తర్వాత అమ్మ గొంతు ఎప్పుడు పంపుతావని అడుగుతుంది.