బాబాయి తట్టిన చెక్క

గోదావరి మీద రైలు వంతెన రాకముందు మాట. కొవ్వూరు రేవులో పాడుబడి ఉన్న పాత తెరచాప పడవను మా బాబాయి పెరటి పాకలోకి లాగించుకొచ్చి బాగుచెయ్యడం మొదలుపెట్టాడు.

ఆయనకో అలవాటుండేది. ఏ చెక్క కనిపించినా వేలి కణుపుతో టకటకా తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. "గుల్ల లేదు" అన్నాడంటే ఆ వస్తువుకు మా ఇంట్లో నూకలు చెల్లినట్టే. ఉయ్యాలబల్ల అలాగే పడవ అడుగున చేరింది. వంటింటి తలుపూ అటే పోయింది. పిన్ని తన పుట్టింటి పెట్టె మీద కూచుని కాపలా కాసింది గానీ, స్నానం చేసి వచ్చేసరికి పెట్టెకు మూత లేదు.

"ఇంకొక్క చెక్కేనే!" అనేవాడు బాబాయి, రోజూ.

చివరికి నిజంగానే ఒక్క చెక్క తక్కువైంది, చుక్కాని పిడికి. ఆ మధ్యాహ్నం బాబాయి పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పిన్ని మెల్లగా వచ్చి, కుర్చీ చేతిని టకటకా తట్టి, చెవి ఆనించింది.

"గుల్ల లేదండీ," అంది.

బాబాయి లేచి రంపం తెచ్చాడు. తన కుర్చీని తనే కోసుకున్నాడు.

పడవ గోదాట్లో దిగింది. లోపలికి చుక్క నీరు రాలేదు. ఊరంతా చూస్తుండగా మమ్మల్నందర్నీ ఎక్కించుకుని బాబాయి ఠీవిగా చుక్కాని పట్టాడు. చెయ్యి ఆ పిడి మీద ఆనిందో లేదో, పడక్కుర్చీ అలవాటు కొద్దీ ఆయన కళ్లు మూతపడ్డాయి. పడవ తిన్నగా వెళ్లి ఇసుకతిన్నె ఎక్కింది.

మేమంతా కంగారుపడుతుంటే పిన్ని మాత్రం బాబాయి తల మీద వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింది.

"ఇదిగోనండీ, గుల్ల ఇక్కడుంది!"